ఏమి చేయగలవారు?
పెద్దల సామర్థ్యమును ఆంగ్లమున చెప్పు విధము

ఆక్లాండు నగరమున తూర్పు దిక్కునున్న బోటనీ డౌన్స్‌లో కాపురముండు ఫిజీ తెలుగు కుటుంబములలో మూడు భాషలు మెలగుచుండును. పిల్లలకు బడిలో ఆంగ్లము, ఇంటిలో ఫిజీ హిందీ, పూజా సమయమునను పెద్దల నోటను తెలుగు. “మీ ఇంటి పెద్దను గూర్చి వ్రాయుడు” అని బడిలో అడిగినచో పిల్లవాడు “మై గ్రాండ్‌మదర్ ఈజ్ ఓల్డ్. షీ ఈజ్ కైండ్” అని వ్రాసి కలము దించును. అవ్వ వృద్ధురాలనుట నిజము, దయగలదనుటయు నిజము. కాని కథ చెప్పగల అవ్వ, నూరుగురికి వండగల అవ్వ ఆ వాక్యములలో కానరాదు. పిల్లవానికి ప్రేమ లేక కాదు, వాక్యమును కూర్చు నేర్పు లేక. ఆ నేర్పును అలవరచుటయే ఈ పాఠము యొక్క ప్రయోజనము.

1. తెలుగున ముందు, ఆంగ్లమున వెనుక

తెలుగున మనిషిని వర్ణించు మాట మనిషికి ముందు నిలుచును. “కథ చెప్పిన తాత”, “కథ చెప్పెడు తాత”, “కథ చెప్పని తాత” అందుము. చెప్పిన, చెప్పెడు, చెప్పని అను ఇట్టి మాటలకు వ్యాకరణమున ధాతుజ విశేషణములని పేరు. సామర్థ్యమును చెప్పదలచినపుడు ‘గల’ చేర్చి “కథ చెప్పగల తాత” అందుము.

ఆంగ్లమున క్రమము తలక్రిందులగును. మొదట మనిషి, పిమ్మట ‘హూ’, ఆ పిమ్మట ‘కెన్’, చివర పని. “ఎ గ్రాండ్‌ఫాదర్ హూ కెన్ టెల్ స్టోరీస్.” తెలుగు వాక్యము ఎంత దీర్ఘమైనను ఉపాయమొక్కటే: చివరనున్న మనిషిని పట్టుకొని ముందునకు తేవలెను. “తెల్లవారుజామున లేచి నూరుగురికి వండగల అత్త” అను దానిలో అత్త చివర నున్నది. ఆంగ్లమున ఆమెయే మొదట వచ్చును: “యాన్ ఆంట్ హూ కెన్ గెట్ అప్ బిఫోర్ డాన్ అండ్ కుక్ ఫర్ ఎ హండ్రెడ్ పీపుల్.”

2. తరచుగా దొర్లు తప్పులు

మొదటిది: “ది ఉమన్ హూ షీ కెన్ సింగ్.” ఇందు ‘షీ’ అధికము. ‘హూ’ అను మాటయే ఆమె స్థానమున నిలిచినది గనుక మరల ఆమెను పిలువరాదు. “ది ఉమన్ హూ కెన్ సింగ్” అనవలెను.

రెండవది: “హూ కెన్ సింగ్స్”, “హూ కెన్ టు సింగ్.” ‘కెన్’ తరువాత క్రియ తన మూలరూపముననే యుండును. ‘ఎస్’ గాని ‘టు’ గాని చేరదు.

మూడవది: “ది మ్యాన్ విచ్ కెన్ డ్రైవ్.” తెలుగున పాడెడు బాలిక, పాడెడు చిలుక అని ఇరువురికి ఒకే రూపము చెల్లును. ఆంగ్లమున అట్లు కాదు. మనిషికి ‘హూ’, వస్తువునకు ‘విచ్’. మనిషిని ‘విచ్’ అనుట ఆ మనిషిని వస్తువుగా లెక్కించుట యగును.

3. గలుగుట, వచ్చుట, చేయి తిరుగుట

తెలుగున సామర్థ్యమును చెప్పుటకు ‘గల’ ఒక్కటియే మార్గము కాదు. “అవ్వకు ఈత వచ్చును” అందుము. విద్య మనిషి యొద్దకు తానే వచ్చినట్లు తెలుగు పలుకును. ఆంగ్లమున దీనిని ‘కమ్’ అను క్రియతో చెప్పరాదు. “హూ కెన్ స్విమ్” అనియే చెప్పవలెను. “చేయి తిరిగిన వంటగత్తె” అనుదానిని మాటకు మాటగా మార్చినచో చేయి గిరగిర తిరిగిన ఆడది యని నవ్వులపాలగును. “ఎ కుక్ హూ ఈజ్ వెరీ స్కిల్‌ఫుల్” అనుట మేలు.

మరియొక భేదమును శ్రద్ధగా చూడవలెను. “హూ కెన్ స్పీక్ తెలుగు” అనగా తెలుగు పలుకగల మనిషి. “హూ స్పీక్స్ తెలుగు” అనగా తెలుగు పలికెడు మనిషి. ‘పలికెడు’ వంటి రూపమును వ్యాకరణము తద్ధర్మార్థకమని చెప్పును. అది అలవాటును, స్వభావమును తెలుపును. పలుకగలవారందరును పలికెడువారు కారు. బదులు పలుకువారు లేని ఇంట, తెలుగు పలుకగల అవ్వ తెలుగు పలుకని అవ్వగా మారును. ఆ ఇంటి పిల్లవాడు ‘స్పీక్స్’ అని వ్రాయుటకు ముందు తాను ఒక్క మాటైనను తెలుగున బదులు చెప్పవలసి యుండును.

4. కెన్, కుడ్, వాజ్ ఏబుల్ టు

నేటి సామర్థ్యమునకు ‘కెన్’. గతించిన కాలమున చాలకాలము నిలిచిన సామర్థ్యమునకు ‘కుడ్’: “ఎ మ్యాన్ హూ కుడ్ కట్ కేన్ ఆల్ డే”, అనగా దినమంతయు చెరకు నరకగలిగిన మనిషి. ఒకనాడు ఒక సమయమున నెరవేర్చిన కార్యమునకు ‘వాజ్ ఏబుల్ టు’ తగును: వరదనాడు నది దాటగలిగిన మనిషి “ది మ్యాన్ హూ వాజ్ ఏబుల్ టు క్రాస్ ది రివర్.” వరదనాటి ఆ ఒక్క గెలుపును ‘కుడ్’తో చెప్పినచో, అది ఎప్పుడును దాటగలిగెడివాడను అర్థము వైపు జారును.

5. ఒక్క కామా, ఒక తరము

ఇపుడు పాఠమున ముఖ్యమైన భాగము. 1879 నుండి 1916 వరకు అరువది వేలకు పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా ఫిజీకి చేరిరి. 1903 నుండి మద్రాసు రేవునుండియు ఓడలు బయలుదేరెను. ఉత్తర ఆర్కాటు, కృష్ణా, గోదావరి, విశాఖపట్టణము జిల్లాలవారు వానిలో వచ్చిరి. ఆ ఒప్పందము ఐదేండ్లది. ఆంగ్లమున ‘అగ్రిమెంట్’ అను మాటయే కూలీల నోట ‘గిర్మిట్’ అయ్యెను. వారిని గూర్చి మునిమనుమలు నేడు ఆంగ్లమున వ్రాయునపుడు ఈ రెండు వాక్యములలో ఏదో యొకటి కలమునకు వచ్చును:

“ది లేబరర్స్ హూ కుడ్ నాట్ రీడ్ గేవ్ దెయిర్ థంబ్‌ప్రింట్స్.”

“ది లేబరర్స్, హూ కుడ్ నాట్ రీడ్, గేవ్ దెయిర్ థంబ్‌ప్రింట్స్.”

మాటలన్నియు అవియే. భేదము రెండు కామాలు మాత్రమే. మొదటి వాక్యమునకు అర్థము: కూలీలలో చదువ లేనివారు వేలిముద్ర వేసిరి, చదువగలవారును ఉండిరి. రెండవదానికి అర్థము: కూలీలందరును చదువు రానివారే. కామా లేని ‘హూ’ గుంపునుండి కొందరిని ఏరును. కామా గల ‘హూ’ అందరికి ఒకే ముద్ర వేయును. తెలుగున “చదువ లేని కూలీలు” అనునపుడు ఈ భేదము పైకి కానరాదు గనుక తెలుగువారు ఇచ్చట తేలికగా పొరపడుదురు.

చరిత్రకు సరిపడునది మొదటి వాక్యమే. ఉత్తర దేశమునుండి 1893లో ఫిజీకి చేరిన తోతారామ్ సనాఢ్య అనుభవములు 1914లో హిందీ పుస్తకముగా వెలువడి, గిర్మిట్ దురవస్థను లోకమునకు చాటెను. కూలీగా వచ్చిన సాధు కుప్పుస్వామి 1926లో తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగమును స్థాపించెను. ఆ సంగము బడులు నడపెను. ఇట్టివారిని రెండు కామాల నడుమ మూయుట అన్యాయము.

అట్లని చదువ లేనివారు ఏమియు చేయలేనివారు కారు. అందులకు ఆంగ్లమున ‘బట్’ ఉన్నది. “ఎ ఉమన్ హూ కుడ్ నాట్ రీడ్, బట్ హూ కుడ్ సింగ్ ఆల్ నైట్”: చదువ లేకున్నను రాత్రంతయు పాడగలిగిన స్త్రీ. లేమిని చెప్పిన చోటనే కలిమిని కూడ చెప్పవలెను.

కామా పెట్టదగిన చోటును కలదు. ఒక్కరే యున్నవారిని ఏరవలసిన పని లేదు. తల్లికి తల్లి ఒక్కతే గనుక “మై మదర్స్ మదర్, హూ కెన్ మేక్ గార్లండ్స్, లివ్స్ విత్ అస్” అని కామాలతో వ్రాయవలెను. మేనత్తలు ముగ్గురుండి వారిలో పాడగలది ఒక్కతే యైనచో “మై ఆంట్ హూ కెన్ సింగ్” అని కామా లేక వ్రాయవలెను.

6. అభ్యాసము

ఈ క్రింది వానిని ఆంగ్లమున చెప్పుడు.
(అ) మృదంగము వాయించగల మామ.
(ఆ) నాలుగు భాషలు మాటలాడగల అవ్వ.
(ఇ) ఎద్దులతో పొలము దున్నగలిగిన ముత్తాత.
(ఈ) వ్రాయలేకున్నను లెక్కలు నోటితో చేయగలిగిన స్త్రీ.

జవాబులు:
(అ) యాన్ అంకుల్ హూ కెన్ ప్లే ది మృదంగం.
(ఆ) ఎ గ్రాండ్‌మదర్ హూ కెన్ స్పీక్ ఫోర్ లాంగ్వేజెస్.
(ఇ) ఎ గ్రేట్-గ్రాండ్‌ఫాదర్ హూ కుడ్ ప్లౌ విత్ బుల్లక్స్.
(ఈ) ఎ ఉమన్ హూ కుడ్ నాట్ రైట్, బట్ హూ కుడ్ డూ సమ్స్ ఇన్ హర్ హెడ్.

చివరి అభ్యాసమునకు జవాబు ఈ పుటలో లేదు. ఓడ ఎక్కిన ప్రతి కూలీకి ఒక ప్రయాణపత్రము వ్రాసిరి. అందు పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, ఎత్తు, దేహముపై నున్న గుర్తు కలవు. పాడగలడా, కథ చెప్పగలదా అని అడుగు గడి లేదు. ఆనాడు అడుగనివారిని నేడు అడుగ వీలులేదు. కాని వారి యొడిలో పెరిగినవారు ఇంకను కొన్ని ఇండ్లలో కలరు. బాలబాలికలు వారి చెంత కూర్చుండి “అవ్వా, నీకు ఏమేమి వచ్చును? మీ అమ్మకు ఏమేమి వచ్చును?” అని తెలుగుననే అడుగవలెను. విన్నదానిని ‘హూ కెన్’ అనియు ‘హూ కుడ్’ అనియు ఆంగ్లమున ఐదు వాక్యములుగా వ్రాసి, తిరిగి అవ్వకు తెలుగున చదివి వినిపింపవలెను. తప్పులున్నచో ఆమెయే దిద్దగలదు.