తొలి ఉద్యోగం - తొలి పరీక్ష

కాలేజీ చదువు ముగిసింది. పట్టా చేతికొచ్చింది. ఇంట్లో మిఠాయి పంచారు. బంధువులు ముబారక్ చెప్పారు. రెండు మూడు నెలలు గడిచేసరికి అదే బంధువులు, "అబ్బాయి ఏం చేస్తున్నాడు?" అని అడగడం మొదలుపెడతారు. ఆ ప్రశ్నకు జవాబు లేని ఇల్లు ఎంత కుమిలిపోతుందో అనుభవించిన వారికే తెలుసు.

ఆ మధ్య ఒక తండ్రీ కొడుకులు మగ్రిబ్ నమాజు తర్వాత మమ్మల్ని కలిశారు. తండ్రి దర్జీ. కొడుకు ఇంజనీరింగ్ పూర్తిచేసి పద్నాలుగు నెలలయింది. హైదరాబాదులో గది అద్దెకు తీసుకుని ఏదో కంప్యూటర్ కోర్సు కూడా నేర్చుకున్నాడు. ఎక్కడికి వెళ్లినా "అనుభవం ఎంత?" అని అడిగి పంపించేస్తున్నారు. చివరికి ఒక కన్సల్టెన్సీ వాళ్లు దారి చూపించారు. లక్ష రూపాయలిస్తే మూడేళ్లు ఒక కంపెనీలో పనిచేసినట్లు కాగితాలు, జీతం రసీదులు అన్నీ తయారుచేసి ఇస్తారట. డబ్బు కోసం తల్లి తన బంగారు గాజులు తీసి ఇచ్చింది. వాటిని అమ్మే ముందు తండ్రికి మనసొప్పక మా దగ్గరకు వచ్చారు.

"ఇది జాయిజేనా?" అని ఆయన అడిగారు. అంతలోనే కొడుకు అందుకున్నాడు: "చాచా, అందరూ ఇలాగే చేరుతున్నారు. నాకు పని వచ్చు. ఒక్కసారి లోపలికి వెళ్తే నిజాయితీగానే చేస్తాను కదా!"

ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. చదువు ముగించుకుని ఉపాధి వేటలో పడిన మన పిల్లలు ఎందరో ఈ మలుపు దగ్గర నిలబడి ఉన్నారు. కనుక ఈ నెల పాఠంగా దీన్నే తీసుకుందాం.

ఉపాధి వెతకడం కూడా ఆరాధనే

మొట్టమొదట ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఇస్లాం దృష్టిలో సంపాదన అనేది ధర్మానికి వెలుపల ఉన్న వ్యవహారం కాదు. జుమా సూరాలో అల్లాహ్, జుమా అజాన్ వినగానే వ్యాపారం వదిలి రమ్మని ఆదేశించిన వెంటనే, నమాజు ముగిశాక భూమిలో విస్తరించి తన అనుగ్రహాన్ని అన్వేషించమని కూడా సెలవిచ్చాడు (62: 9, 10). మస్జిదుకు రమ్మన్నవాడే బజారుకూ పంపించాడన్నమాట. అయితే రెండు చోట్లా తనను మరచిపోవద్దన్నాడు.

దైవప్రవక్తలు సైతం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. హజ్రత్ దావూద్ (అ) తన చేతి కష్టంతోనే తినేవారని, హజ్రత్ జకరియ్యా (అ) వడ్రంగి పని చేసేవారని హదీసులు తెలుపుతున్నాయి. మన మహాప్రవక్త ముహమ్మద్ (స) చిన్న వయసులో కూలికి మక్కావాసుల గొర్రెలు కాశారు. ఆ తర్వాత హజ్రత్ ఖదీజా (రజి) సరుకుతో సిరియా దిశగా వ్యాపార ప్రయాణం చేశారు. ఆమె ఆ బాధ్యత ఆయనకు అప్పగించడానికి కారణం ఆయన సత్యసంధత, నమ్మకస్తుడన్న పేరు.

కనుక డిగ్రీ చదివి చిన్న పని చేయడమా అని సిగ్గుపడేవాడు, తాను ఎవరి అనుయాయినో ఒకసారి ఆలోచించుకోవాలి.

యూసుఫ్ (అ), మూసా (అ) - ఇద్దరు 'అభ్యర్థులు'

దివ్యఖుర్ఆన్లో ఉద్యోగానికి సంబంధించిన రెండు సంఘటనలున్నాయి. రెండూ మన యువకులు శ్రద్ధగా చదవవలసినవి.

మొదటిది యూసుఫ్ సూరాలోనిది. తనను దేశ ఖజానాలకు అధికారిగా నియమించమని హజ్రత్ యూసుఫ్ (అ) రాజును కోరారు. అందుకు తన అర్హతలుగా రెండింటిని చెప్పారు: తాను కాపాడగలవాడు, తెలిసినవాడు (12: 55). అర్హత ఉన్నప్పుడు దాన్ని చెప్పుకోవడం గర్వం కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. ఇంటర్వ్యూలో తలవంచుకుని నసిగే మన పిల్లలకు ఇందులో గొప్ప ధైర్యం ఉంది.

కాని దానికి ముందు జరిగిన విషయాన్ని మనం తరచుగా గమనించం. రాజు కబురు పంపినప్పుడు యూసుఫ్ (అ) జైలు నుంచి వెంటనే పరుగెత్తుకు రాలేదు. చేతులు కోసుకున్న ఆ స్త్రీల సంగతి ముందు విచారించమని దూతను తిప్పి పంపించారు (12: 50). విచారణ జరిగింది, ఆయన నిర్దోషిత్వం బయటపడింది. ఆ తర్వాతే పదవి. తన గతాన్ని ఎవరు ఎంత తవ్వినా నిజమే బయటపడాలని ఆయన కోరుకున్నారు. గతాన్ని తవ్వుతారేమోనని వణుకుతూ ఉద్యోగంలో చేరేవాడికీ, తవ్వి చూడమని తానే కోరినవారికీ ఎంత తేడా!

రెండో సంఘటన ఖసస్ సూరాలోనిది. హజ్రత్ మూసా (అ) ఈజిప్టు వదిలి మద్యన్ చేరారు. ఇల్లు లేదు, పని లేదు, తెలిసినవారు లేరు. నిరుద్యోగి అంటే అంతకంటే ఎవరు? అయినా అక్కడ ఇద్దరు ఆడపిల్లలు తమ మందకు నీళ్లు పెట్టలేక ఎదురుచూస్తుంటే, ఆయన ఏమీ ఆశించకుండా ఆ పని చేసిపెట్టారు. తర్వాత నీడకు వెళ్లి, తన ప్రభువు ఏ మేలు పంపినా దానికి తాను అవసరపడి ఉన్నానని వేడుకున్నారు (28: 24). ఆ దుఆకు జవాబు ఎంత త్వరగా వచ్చిందో చూడండి. ఆ పిల్లల్లో ఒకామె తన తండ్రితో ఆయనను పనిలో పెట్టుకోమని సిఫారసు చేసింది. పనివాడిగా ఉత్తముడు బలవంతుడు, నమ్మకస్తుడు అని కారణం కూడా చెప్పింది (28: 26).

బలం అంటే ఆ పనికి కావలసిన సామర్థ్యం. నమ్మకం అంటే అమానత్. ఏ ఉద్యోగానికైనా ఈ రెండే ఆధారాలు. సామర్థ్యం లేని మంచితనం పని చెడగొడుతుంది. మంచితనం లేని సామర్థ్యం యజమానిని ముంచుతుంది. మన అబ్బాయి మొదటిది ఉందన్నాడు. రెండోదాన్ని లక్ష రూపాయలకు అమ్ముకోబోతున్నాడు.

ఒక కాగితమేగా?

"ఒక్క కాగితం కోసం ఇంత రాద్ధాంతమా?" అని కొందరనవచ్చు. ఆ కాగితం ఏమిటో చూద్దాం. చేయని పని చేసినట్లు సాక్ష్యం అది. అబద్ధపు మాటకు దూరంగా ఉండమని అల్లాహ్ హజ్ సూరాలో ఆజ్ఞాపించాడు. అదీ విగ్రహారాధన మాలిన్యంతో కలిపి (22: 30). ఘోర పాపాలను గురించి చెబుతూ దైవప్రవక్త (స) ఆనుకుని కూర్చున్నవారు కాస్తా నిటారుగా కూర్చుని, అబద్ధ సాక్ష్యం గురించి పదే పదే హెచ్చరించారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. తనకు లేనిది ఉన్నట్లు చూపించుకునేవాణ్ణి ఆయన, రెండు అబద్ధపు వస్త్రాలు తొడుక్కున్నవాడితో పోల్చారు. లేని అనుభవాన్ని తొడుక్కోవడం అంటే ఇంకేమిటి?

పైగా ఆ స్థానం ఖాళీగా ఉన్నది కాదు. దాని కోసం నిజంగా మూడేళ్లు పనిచేసినవాడెవడో వరుసలో ఉన్నాడు. అతనికీ ఒక తల్లి ఉంది. అతని హక్కును తోసేసి కూర్చున్న కుర్చీలో బరకత్ ఎక్కడి నుంచి వస్తుంది? కొనేవాడు, అమ్మేవాడు నిజం చెప్పుకుంటే ఆ వ్యవహారంలో శుభం ఉంటుందని, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఉద్యోగం కూడా శ్రమను అమ్ముకోవడమే కదా!

ఇక లోకరీత్యా చూసినా ఇది మునిగే పడవే. 2014 నుంచి ప్రావిడెంట్ ఫండ్ ఖాతాదారుకు జీవితాంతం ఒకే నంబరు ఉంటోంది. ఏ సంస్థ ఏ నెలలో ఎంత జమచేసిందో అందులో కనిపిస్తుంది. పెద్ద కంపెనీలు పాత ఉద్యోగ వివరాలను వేరే సంస్థల ద్వారా విచారణ చేయిస్తాయి. చేరిన ఆరు నెలలకో, ఏడాదికో బండారం బయటపడి ఒక్కరోజులో ఇంటికి పంపిన ఉదంతాలు మనకు తెలుసు. గాజులూ పోయాయి, పరువూ పోయింది.

సర్కారు ఉద్యోగం ఇప్పిస్తామని లక్షలు గుంజేవారి విషయమూ ఇంతే. లంచం ఇచ్చేవాణ్ణీ, పుచ్చుకునేవాణ్ణీ ఇద్దర్నీ దైవప్రవక్త (స) శపించారు.

ఇప్పటికే ఇలా చేరినవారు ఏం చేయాలి? చేరిన పని హలాల్ అయి, దాన్ని సమర్థంగా, నమ్మకంగా చేస్తుంటే ఆ జీతం శ్రమకు ప్రతిఫలమేనని చెప్పిన ధర్మవేత్తలున్నారు. కాని అబద్ధం పాపమే. దానికి నిష్కపటమైన తౌబా తప్పదు. ఎవరి పరిస్థితి వారు దగ్గరలోని ఆలిమ్‌కు దాచకుండా చెప్పి సలహా తీసుకోవాలి. తౌబా తలుపు మూసి లేదు.

"నాకు బజారు దారి చూపించండి"

వద్దని చెప్పడం తేలిక. మరి ఏం చేయాలి?

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మక్కాలో ఉన్నదంతా వదులుకుని మదీనా వచ్చారు. ఆయనకు సోదరుడిగా నిర్ణయించబడిన హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దుఆ చేసి, బజారు ఎక్కడుందో చూపించమన్నారు. వెన్న, నెయ్యి లాంటి చిన్న సరుకులతో మొదలుపెట్టారు. కొంతకాలానికే ఖర్జూర గింజంత బంగారం మహర్‌గా ఇచ్చి నికాహ్ చేసుకున్నారు. తర్వాతి కాలంలో గొప్ప ధనికులై, దైవమార్గంలో చేతికి ఎముక లేకుండా ఖర్చుపెట్టారు. ఆయన మొదలుపెట్టింది పైమెట్టు నుంచి కాదు, అందిన మెట్టు నుంచి.

మన పిల్లలకు అందే మెట్లు కొన్ని ఉన్నాయి.

ఒకటి, అప్రెంటిస్‌షిప్. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద డిగ్రీ, డిప్లొమా పూర్తిచేసినవారిని సంస్థలు శిక్షణకు తీసుకుంటాయి. స్టైపెండ్ ఇస్తారు. చివర సర్టిఫికెట్ వస్తుంది. అది నిజమైన అనుభవం, ఎవరు విచారించినా నిలబడేది.

రెండు, పోటీ పరీక్షలు. వీటికి కూర్చునేవారు ఎన్నేళ్లు ప్రయత్నించాలో ఇంట్లో ముందే మాట్లాడుకుని గడువు పెట్టుకోవాలి. అర్హత ఉన్న కుటుంబాలు బీసీ - ఇ ధ్రువపత్రాన్ని చివరి రోజు దాకా వాయిదా వేయకుండా ముందే తెచ్చిపెట్టుకోవాలి.

మూడు, గల్ఫ్ ప్రయాణం. వెళ్లాలనుకుంటే 1983 నాటి వలస చట్టం కింద రిజిస్టరైన ఏజెంటేనా అని తప్పక చూసుకోవాలి. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు పంపిస్తోంది. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ పని చూసుకోవచ్చని చెప్పేవాడి మాట నమ్మవద్దు.

నాలుగు, తండ్రి వృత్తి. బట్టల కొట్టో, మెకానిక్ షెడ్డో ఉంటే చదువుకున్న కొడుకు దానికి లెక్కాపత్రం, కొత్త పద్ధతులు జోడించవచ్చు. అది చదువును వృథా చేయడం కాదు.

ఎందులో చేరినా మూడు విషయాలు చూసుకోండి. ఆ పని స్వయంగా హలాలేనా? వడ్డీ వ్యవహారం రాసేవాడికి, సాక్షులకు కూడా హదీసులో హెచ్చరిక ఉంది కనుక కామర్స్ చదివిన పిల్లలు దీన్ని ముందే విచారించుకోవాలి. ఒప్పందంలో ఏముంది? ఒప్పందాలను నెరవేర్చమని అల్లాహ్ ఆజ్ఞ (5: 1). కాబట్టి బాండు మీద చదవకుండా సంతకం పెట్టి తర్వాత పారిపోవడం విశ్వాసికి తగదు. నమాజుకు వీలుందా? చేరేటప్పుడే మర్యాదగా అడిగితే చాలాచోట్ల వీలు కల్పిస్తారు. నిర్ణయం ముందు ఇస్తిఖారా నమాజు చేయండి.

తల్లిదండ్రులతో ఒక మాట

పిల్లలను తప్పుదారికి నెట్టేది చాలాసార్లు మన మాటలే. పక్కింటి అబ్బాయి జీతంతో పోల్చడం, పెళ్లిళ్లలో కొడుకు గురించి తప్పించుకు మాట్లాడటం, "ఎలాగోలా చేరు" అనడం - ఇవన్నీ వాడి గుండెల్లో దిగుతాయి. ఆ "ఎలాగోలా"లోనే హరామ్ దూరుతుంది. నెలకు పదివేలు తెచ్చినా హలాల్ అయితే కళ్లకద్దుకోండి. వాడి ముందు అలా అనండి కూడా.

ఆడపిల్లల విషయం కూడా మరువరాదు. పురుషులకు తమ సంపాదనలో భాగమున్నట్లే స్త్రీలకూ తమ సంపాదనలో భాగముందని ఖుర్ఆన్ తెలిపింది (4: 32). చదువు ముగించిన కూతురికి టీచరుగానో, వైద్యరంగంలోనో మర్యాదగల పని దొరికితే ఆమెకు తోడ్పడండి. పట్టాను పెళ్లి మాటల కోసమే బీరువాలో దాచకండి.

ఆ దర్జీగారి ఇంట్లో గాజులు అమ్మలేదు. ఆ రాత్రి అబ్బాయి మాతో ఏకీభవించి వెళ్లలేదు, మొహం ముడుచుకునే వెళ్లాడు. నెల తర్వాత తండ్రి ఫోన్ చేశారు. ఒక చిన్న సంస్థలో అప్రెంటిస్‌గా చేరాడట. డబ్బు గది అద్దెకూ భోజనానికీ సరిపోతుంది, అంతే. "కాని నిద్ర పడుతోందంటున్నాడు" అని ఆయన అన్నారు. అల్లాహ్‌కు భయపడేవారికి ఆయన దారి చూపిస్తాడని, వారు ఊహించని చోటు నుంచి ఉపాధినిస్తాడని తలాఖ్ సూరాలో వాగ్దానం ఉంది (65: 2, 3). ఆ వాగ్దానం మీద నమ్మకంతో కాస్త ఓపిక పట్టడమే ఈ పరీక్షలో ఉత్తీర్ణత.

దైవప్రవక్త (స) ఫజ్ర్ నమాజు తర్వాత మూడింటిని వేడుకునేవారు: ప్రయోజనకరమైన జ్ఞానం, పరిశుద్ధమైన ఉపాధి, స్వీకారయోగ్యమైన ఆచరణ. చదువు, సంపాదన, జీవితం - మూడూ ఆ ఒక్క దుఆలో ఇమిడి ఉన్నాయి. ఉద్యోగానికి బయల్దేరే మన ప్రతి బిడ్డా ఉదయాన్నే ఈ దుఆ చేసి గడప దాటాలి. అల్లాహ్ మన పిల్లలందరికీ హలాల్ ఉపాధిని, అందులో బరకత్‌ను ప్రసాదించుగాక! ఆమీన్.