మొక్కలు - నాదస్పందన

సంగీతానికి శిశువు, పశువు సైతం పరవశిస్తాయని పెద్దల మాట. మరి మొక్కల సంగతేమిటి?

1950వ దశకంలో అన్నామలై విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రాచార్యులు టి.సి. సింగ్ మొక్కలకు రాగాలు వినిపించి, అవి ఏపుగా పెరిగాయని ప్రకటించారు. ఆ మాట మనోహరమే. కాని మనోహరమైనదంతా సత్యం కాదు. రెండు కుండీలకు వెలుగు, నీరు, వేడి సమానంగా అందితేనే అటువంటి పరీక్షకు విలువ. ధ్వనియంత్రం వెలువరించే కొద్దిపాటి వెచ్చదనం సైతం విత్తనాన్ని త్వరగా మొలిపించవచ్చు. ఆ ఘనతను మనం పొరపాటున రాగానికి కట్టబెట్టవచ్చు.

2014లో అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయ పరిశోధకులు అపెల్, కోక్రాఫ్ట్ వేరొక మార్గం తొక్కారు. గొంగళిపురుగు ఆకును కొరికేటప్పుడు పుట్టే ప్రకంపనలను నమోదు చేసి, ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ ఆకులకు వాటిని అందించారు. తరువాత పురుగు సోకినప్పుడు ఆ మొక్కలు రక్షక రసాయనాలను అధికంగా ఉత్పత్తి చేశాయి. గాలి ప్రకంపనలకు మాత్రం అవి అలా స్పందించలేదు.

మొక్కకు చెవులు లేవు; ఆకులే కంపనాన్ని గ్రహించాయి. ఇక్కడ అది స్పందించినది రాగమాధుర్యానికి కాదు, తన ప్రాణానికి ముంచుకొస్తున్న ముప్పుకు. ప్రియమైన నమ్మకాన్ని సైతం పరీక్షకు నిలబెట్టడమే విజ్ఞానశాస్త్ర ధర్మం.