చిల్లుపడిన గిటారు

1969వ సంవత్సరమున అమెరికా సంయుక్తరాష్ట్రములలోని టెక్సాసులో ఒక సంగీతసభ జరుగుచుండెను. విల్లీ నెల్సన్ అను గాయకుని గిటారుపై, త్రాగిన మైకములో నున్నవాడొకడు కాలు వేసెను. విఱిగిన వాద్యమును నాష్‌విల్ నగరమునందలి షాట్ జాక్సన్ అను పనివానికి పంపిరి. ఆతడు పరీక్షించి, అది ఇక బాగుపడదని తేల్చి, తన కడ నున్న మార్టిన్ కంపెనీవారి గిటారు నొకదానిని సూచించెను. నెల్సన్ దానిని కంటితో చూడకయే, టెలిఫోనులో మాటలాడి, 750 డాలర్లకు కొనెను. రాయ్ రోజర్స్ అను సినిమా నటుని గుఱ్ఱము పేరు ట్రిగర్. నెల్సన్ తన గిటారునకు ఆ పేరే పెట్టెను.

మన వీణకు పనసమ్రాను శ్రేష్ఠమందురు. ట్రిగర్ అట్లుగాక, పలు దేశముల కఱ్ఱలు కూడిన వాద్యము. దాని వెనుకపలకయు ప్రక్కలును బ్రెజిలు దేశపు రోజ్‌వుడ్. అది మన ఇరుగుడు చెట్టునకు జ్ఞాతి. ముందుపలక స్ప్రూస్ అను తేలికకఱ్ఱ. గిటారునకు ప్రాణమంతయు ఈ ముందుపలకలోనే కలదు. తంతుల కదలిక నందుకొని, తాను కంపించి, లోపలి గాలిని కంపింపజేసి నాదము పుట్టించునది అదియే. కావున దానిని మిక్కిలి పలుచగా చిత్రికపట్టి, లోపలివైపున సన్నని బద్దలు అతికింతురు. పలక మందమైనచో నాదము మూగవోవును. పలుచనైనచో తంతుల లాగుడునకు వంగిపోవును.

ట్రిగర్ నైలాను తంతుల గిటారు. అట్టివానిని వ్రేళ్ళతో మీటుట ఆచారము గనుక ముందుపలకపై రక్షణకై వేఱొక రేకు ఉండదు. నెల్సనో, చిన్న బిళ్ళను చేతబట్టి బలముగా మీటెడివాడు. ఏండ్ల తరబడి ఆ బిళ్ళయు వ్రేళ్ళును ఒరయగా ఒరయగా పలక అరిగి, నాదరంధ్రమునకు దిగువ మఱియొక చిల్లు పడెను. మిత్రులు నూర్గురకు పైగా దానిపై తమ పేళ్ళను చెక్కిరి. ఇది పెద్దలు మెచ్చు పని కాకపోయినను, నెల్సన్ వలదనలేదు.

దానికి వచ్చిన గండములు ఇంతటితో తీరలేదు. ఒకమాఱు నెల్సన్ ఇల్లు అంటుకొనగా, ఆతడు మంటలలోనికి చొచ్చి గిటారును బయటికి తెచ్చెను. 1990లో పన్ను బాకీ క్రింద ప్రభుత్వమువారు ఆతని ఆస్తిని జప్తు చేసిరి. వేలములో ట్రిగర్ పరులపాలగునను భయమున, నెల్సన్ కుమార్తె దానిని ముందుగానే హవాయి దీవులకు చేర్చెను. చట్టము దృష్టిలో ఇది సరియా యను ప్రశ్న ఉండనే యున్నది. అయినను ఆతడు బాకీని ఎగవేయలేదు. తన కంఠమును గిటారును మాత్రమే వినిపించు పాటల సంపుటము నొకదానిని వెలువరించి, దాని రాబడిని పన్నుకే జమకట్టెను. 1993లో ఆ వ్యవహారము తీఱెను.

ఆస్టిన్ నగరవాసి మార్క్ ఎర్ల్‌వైన్ ఈ గిటారునకు వైద్యునివంటివాడు. ఎప్పటికప్పుడు దానిని పరీక్షించి, మురికి తుడిచి, సడలిన లోపలి బద్దలను బలపఱచి, చెక్కిన పేళ్ళు చెఱగకుండ పైన సన్నని లక్కపూత వేసెడివాడు. చిల్లుపడిన పలకను తీసి క్రొత్తది వేయుట చేతగాక కాదు. పలక మాఱినచో వాద్యము చక్కబడును గాని, ఏండ్లుగా విన్న ఆ గొంతు మఱల రాదు. ట్రిగర్ పలుకుట మానిననాడు తానును పాడుట మానుదునని నెల్సన్ చెప్పియుండెను. కావున ఎర్ల్‌వైన్ చిల్లు అంచు ఇంకను చీలకుండ కట్టుదిట్టము చేసి, చిల్లును మాత్రము అట్లే విడిచెను.