మల్బరీ ఆకు – మన బతుకు

పట్టుపురుగు గురించి మనం చదువుకున్నాం. అది తినే ఆకు గురించి కూడా తెలుసుకుందాం.

మల్బరీని మన పెద్దలు కంబళి చెట్టు అంటారు. శాస్త్రీయ నామం మోరస్. మోరస్ ఆల్బా, మోరస్ ఇండికా జాతుల ఆకు పట్టుపురుగులకు ఆహారం. నల్ల మల్బరీని (మోరస్ నైగ్రా) ముఖ్యంగా పండ్ల కోసం పెంచుతారు.

మన హిందూపురం, మడకశిర ప్రాంతాల్లో పట్టు రైతులకు తెలిసిన రకాలు ఎం-5, ఎస్-36, వి-1. ఎం-5నే కణ్వ-2 అని కూడా అంటారు. మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన సంస్థ రూపొందించిన వి-1 ఆకు పెద్దగా, దళసరిగా ఉంటుంది. నీరు, ఎరువు సరిగా అందితే దిగుబడి ఎక్కువ.

పురుగు నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. దీన్ని రైతులు 'జ్వరం' అంటారు. అది జీవితంలో తినే ఆకులో 80 శాతం పైగా చివరి, అంటే ఐదవ దశలోనే తింటుంది. చిన్న పురుగుకు లేత ఆకు, పెద్ద పురుగుకు ముదురు ఆకు వేయాలి.

ఇతర ఉపయోగాలు: పండ్లు తినవచ్చు. మిగిలిన ఆకు మేకలకు, పశువులకు మంచి మేత. కలపతో హాకీ కర్రలు తయారుచేస్తారు.

నేను ఇంటర్ చదివేటప్పుడు పక్క పొలంలో కొట్టిన పురుగుమందు గాలికి మా ఆకుపై పడింది. తెలియక అదే వేశాం. గూడు కట్టాల్సిన పురుగులన్నీ చచ్చిపోయాయి. ఆ ఏడు నా పరీక్ష ఫీజు అమ్మ కూలికి వెళ్లి కట్టింది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే.

కనుక తమ్ముళ్లారా, సెలవులకు ఊరెళ్లినప్పుడు ఇంట్లో చెప్పండి: మందు కొట్టేముందు పక్క రైతుకు చెప్పాలి. ఆకుపై అనుమానముంటే ముందు పది పురుగులకు వేసి చూడాలి.