అద్దం మీద తడి ఏ పక్కన?

ఆగస్టు నెలలో అర్ధరాత్రి దుబాయ్‌లోనో దోహాలోనో దిగి, ఎయిర్‌పోర్టు తలుపు దాటగానే కళ్లద్దాలు తెల్లగా అయిపోతాయి. తుడిస్తే మళ్లీ పడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు కళ్లకేదో అయిందని కంగారు పడటం నేను చూశాను. ఏమీ కాలేదు. లోపలి ఏసీకి చల్లబడ్డ అద్దం మీద బయటి గాలిలోని ఆవిరి నీళ్లయి కూర్చుంది. నాలుగు నిమిషాలకు అద్దం వేడెక్కితే అదే పోతుంది. మీరు రెండేళ్లు ఉండబోయే రూం గోడ, మంచం కింది పెట్టె, తలుపు మూల కూడా ఆ కళ్లద్దాల్లాంటివే. కాకపోతే అవి రాత్రింబవళ్లు చల్లగానే ఉంటాయి, వాటిని తుడిచేవాడు ఉండడు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు బయలుదేరేవాళ్లకు వీసా గురించి, మెడికల్ గురించి, ఏజెంటు గురించి చెప్పేవాళ్లు వాడకు పదిమంది దొరుకుతారు. రూంలో చెమ్మ గురించి ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు.

షార్జాలో నా మొదటి రూంలో ఎనిమిది మందిమి. గోడ పక్కన కింది మంచం దొరికితే అదృష్టమనుకున్నాను. సెప్టెంబరులో ఒక శుక్రవారం పెట్టె తెరిస్తే, పెండ్లి చొక్కా కాలరు పొడవునా ఆవగింజలు చల్లినట్టు నల్ల చుక్కలు. బెల్టు మీద శనగపిండి రాలినట్టు తెల్లటి నూగు. దిండు వెనక గోడ మీద చెయ్యి పెడితే చల్లగా, జిడ్డుగా తగిలింది. క్యాంప్ బాస్‌కు చెబితే మరుసటి వారం రంగు వేయించాడు. ఇరవై రోజులకు ఆ తెల్ల రంగులోంచి అవే చుక్కలు, అదే ఆకారంలో బయటికొచ్చాయి.

పై మంచం మీద సిరిసిల్ల పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఊళ్లో సాంచాలు నడిపి, గిట్టుబాటు కాక ఇక్కడికొచ్చినవాడు. "రోగం గోడకు గాదు తమ్మీ, గాలికి. గోడకు రంగేస్తే ఏమైతది?" అన్నాడు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి మసకబారిన అద్దం మీద వేలితో గీత గీయమన్నాడు. గీశాను. గీత పడలేదు. తడి అవతలి పక్కనుంది. "బయట తడి ఉంటే కిటికీ మూయాలె. లోపల తడి ఉంటే తెరవాలె. గింతే." తర్వాత నేను చదివిన వాటిలో ఆయన మాటకు కారణాలు దొరికాయి గానీ, సవరణ దొరకలేదు.

కారణం చిన్నదే. గాలి వేడిగా ఉంటే ఎక్కువ ఆవిరిని మోస్తుంది, చల్లబడితే మోయలేక దించేస్తుంది. 35 డిగ్రీల వేడిలో 70 శాతం తేమ ఉన్న గాలి, దాదాపు 29 డిగ్రీలకు చల్లబడ్డ దేనికి తగిలినా నీళ్లు వదులుతుంది. నీళ్లు వదలడం మొదలయ్యే ఆ ఉష్ణోగ్రతనే బడి పుస్తకంలో తుషార బిందువు అన్నారు. 2003 జులై 8న సౌదీలోని దహ్రాన్‌లో ఇది 35 డిగ్రీలు నమోదైంది. ఇప్పుడు మీరు ఏసీని 18లో పెట్టి పడుకున్న రూంలోకి సముద్రపు ఒడ్డు గాలి సందుల్లోంచి దూరిందనుకోండి. గోడ తడవక ఏంచేస్తుంది?

మనల్ని ముంచేది కూలర్ అలవాటు. మే నెలలో మన దగ్గర ఎండ 45 డిగ్రీలకు ఎక్కినా గాలి పొడిగా ఉంటుంది. కూలర్ నడిస్తే కిటికీ తెరిచి ఉండాలని, లేకపోతే ఉబ్బ పోస్తుందని చిన్నపిల్లలకూ తెలుసు. ఆ తెలివితోనే గల్ఫ్‌లో ఏసీ నడుస్తుండగా "జర గాలి ఆడాలె" అని కిటికీ ఓరగా తెరుస్తారు. కూలర్ గాలికి నీళ్లు కలుపుతుంది, ఏసీ గాలిలోంచి నీళ్లు పిండుతుంది. నమ్మకపోతే ఏసీ వెనక పైపు కింద బకెట్ పెట్టి చూడండి. ఆగస్టులో అది నిండుతుంది. తలుపు తెరిచి ఉంచితే ఆ ఏసీ మీ రూంను కాదు, మొత్తం అరేబియా తీరాన్ని ఆరబెట్టే పనికి దిగినట్టే.

ఏసీ 24లో చాలు. 18 పెడితే రూం తొందరగా చల్లబడదు, గోడలు మాత్రం మరీ చల్లబడతాయి. ఫ్యాన్‌కు ఆటో ఉంటే అందులోనే ఉంచండి. కంప్రెసర్ ఆగినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటే, లోపలి రేకుల మీద చేరిన నీళ్లు మళ్లీ ఆవిరై రూంలోకే వస్తాయి. రెండు వారాలకోసారి ఫిల్టర్ కడగాలి. కిటికీ ఏసీ బయటివైపు కాస్త వాలి ఉందో లేదో చూడండి. లోపలికి వాలినా, పైపులో మడ్డి అడ్డం పడినా నీళ్లు మంచం మీదికే వస్తాయి. మంచాన్ని గోడకు జానెడు దూరం జరపండి. మా రూంలో సగం చుక్కలు దాంతోనే ఆగాయి.

మిగతా సగం మేమే చేసుకున్నవి. డ్యూటీ నుంచి వచ్చి ఉతికిన బట్టలు మంచాల రాడ్లకు ఆరేసేవాళ్లం. ఎనిమిది మంది బట్టలు, పైగా మూలన రైస్ కుక్కర్. కోరుట్లలో బీడీలు చుట్టే అమ్మలు తునికాకు తడిపి గోనెసంచిలో మూటకట్టి పెడతారు, మెత్తబడాలని. రెండు రోజులు మరిచిపోతే మూటంతా బూజు. మా రూం ఆ మూటే. బట్టలు మిద్దె మీద ఆరేయండి, వంట కిచెన్‌లో మూత పెట్టి వండండి, స్నానమయ్యాక బాత్‌రూం ఎగ్జాస్ట్ ఫ్యాన్ పావుగంట తిరగనివ్వండి.

తేమ కొలిచే చిన్న మీటరు హైపర్‌మార్కెట్‌లో దొరుకుతుంది, రూం అంతా కలిసి ఒకటి కొనండి. వడ్ల కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరని జగిత్యాల రైతు బిడ్డకు చెప్పాలా? ఇది గింజ లెక్క కాదు, గాలి లెక్క. మీటరు 60 శాతం దాటకుండా చూసుకుంటే బూజుకు బలం ఉండదు.

పట్టిన బూజును పొడిగా గీకవద్దు. పొడి లేచి ఊపిరిలోకే పోతుంది. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఆస్తమా, దగ్గు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. మాస్కు, గ్లవుజులు వేసుకుని, బ్లీచ్ నీళ్లలో కలిపి తుడిచి, పూర్తిగా ఆరాకే రంగు. బ్లీచ్‌లో టాయిలెట్ కడిగే యాసిడ్ మాత్రం కలపకండి. మూసిన రూంలో ఆ గ్యాస్ ప్రాణం మీదికి తెస్తుంది.

పైకప్పు లీకు, విరిగిన కిటికీ మీ చేతిలో లేనివి. ఫొటో తీసి, తేదీతో క్యాంప్ బాస్‌కు వాట్సాప్‌లో పంపండి. నోటిమాటకు సాక్ష్యం ఉండదు. కదలకపోతే దుబాయ్‌లో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, ఫోన్ 80046342, పైసలు పడవు.

డిసెంబరు, జనవరిలో కువైట్‌లో, రియాద్‌లో లెక్క తిరగబడుతుంది. రాత్రి చలికి పోర్టా క్యాబిన్ రేకు చల్లబడి, మన ఊపిరి దానికి తగిలి లోపలివైపు నీళ్లు కారుతాయి. అప్పుడు గీత పడుతుంది. అప్పుడు తెరవండి, పొద్దున పది నిమిషాలైనా. చలి అని మూసిన క్యాబిన్‌లో బొగ్గులు మాత్రం రాజేయకండి. వాసన కూడా రాని విషవాయువుతో నిద్రలోనే పోయినవాళ్లున్నారు.

ఇంగ్లండ్‌కు చదువుకు పోయిన మన పిల్లలకు చలికాలమంతా ఈ రెండో లెక్కే. హీటర్ పూర్తిగా కట్టేసి, కిటికీలు బిగించి, రేడియేటర్ మీద బట్టలు ఆరేస్తారు, పొద్దున కిటికీ గట్టు మీద నీళ్లు. అక్కడ రాచ్‌డేల్ పట్టణంలో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు 2020 డిసెంబరులో ఇంటి బూజు వల్లే చనిపోయాడని 2022లో విచారణలో తేలింది. ఆ బాబు పేరుతోనే వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27 నుంచి సోషల్ హౌసింగ్ ఇళ్లకు అమల్లోకి వచ్చింది. ప్రైవేటు అద్దె ఇంట్లో ఓనర్ పట్టించుకోకపోతే కౌన్సిల్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ వాళ్లకు రాయవచ్చు.

ఇక చుట్టీకి ఊరికి పోయేటప్పుడు కార్టన్ సంగతి. ఇంటికని కొన్న దుప్పట్లు నాలుగు నెలల ముందే టేపు చుట్టి మంచం కింద తోస్తాం కదా, చల్లటి నేల మీద. నేను అలాగే తోశాను. కోరుట్లలో అందరి ముందు టేపు కోస్తే ముందు వాసన బయటికొచ్చింది, తర్వాత దుప్పటి. మా అమ్మ ఏమీ అనకుండా దాన్ని తీసుకుపోయి మిద్దె మీద ఎండలో పరిచింది. కార్టన్ కింద రెండు కర్రముక్కలు పెట్టండి, టేపు చివరి వారంలో వేయండి.