కట్టని నౌకను కాగితముతో కట్టుట

విద్యార్థులారా! ఒక సినిమాకు గాని, ధారావాహికకు గాని నక్షత్రనౌక కావలసివచ్చినపుడు చిత్రకారుడు ఒక్క బొమ్మ గీసి ఊరకుండడు. పదులకొలది చిత్తులు గీయును. వానిలో ఒకటి తెరకెక్కును. తక్కినవి పెట్టెలో మూలపడును. అట్లు మూలపడిన చిత్రములలో ఒకదానిని తీసికొని, అచ్చువేసి, కత్తిరించి, మడిచి, అంటించుటకు వీలైన కాగితపు నమూనాగా ఎట్లు మార్చవలెనో ఈ పాఠమున చెప్పుదుము. చూచుటకు ఇది ఆట. కాని మీరు తరగతిలో బట్టీపట్టుచున్న క్షేత్రగణితము చాలవరకు ఇందు చేతికి తగులును.

అమెరికాలో 1966 సెప్టెంబరు 8వ తేదీన 'స్టార్ ట్రెక్' అను టెలివిజన్ ధారావాహిక ప్రారంభమైనది. అందలి 'ఎంటర్‌ప్రైజ్' నౌకను రూపొందించినవాడు మాట్ జెఫ్రీస్ (1921-2003). రెండవ ప్రపంచయుద్ధమున విమానములపై పనిచేసిన అనుభవము ఇతనికి కలదు. ధారావాహిక సృష్టికర్తయగు జీన్ రాడెన్‌బెరీ ఇతనికి చెప్పినది నౌక ఎట్లుండవలెనని కాదు, ఎట్లుండరాదని: రెక్కలుండరాదు, నిప్పులు కక్కు రాకెట్టు ఉండరాదు. ఇట్టి ఆజ్ఞతో పని మొదలిడుట ఎంత కష్టమో వ్యాసము వ్రాయబోయి 'ఇది వ్రాయకుము, అది వ్రాయకుము' అనిపించుకొన్న విద్యార్థికి తెలియును. జెఫ్రీస్ గీసిన తొలి చిత్తులలో ఒకదానియందు నౌక ముందుభాగము పెద్ద బంతి. పిమ్మట బంతి పోయి పళ్లెము వచ్చినది. లోకమెరిగినది ఆ పళ్లెమునే. ఇంకొక చిత్తులో సన్నని దేహమును కంకణముల వంటి వలయములు చుట్టియుండును.

ఆ రెండు చిత్తులును వృథా కాలేదు. వలయముల నౌక 1979లో వచ్చిన చలనచిత్రమున గోడపై పటముగా కనిపించినది. బంతి నౌకను గ్రెగ్ జీన్ అను నమూనాకారుడు 1993లో వెలువడిన ఆ కథల కాలక్రమ గ్రంథమునకై నమూనాగా కట్టెను. ఇట్టివి మరికొన్ని కలవు. 1976-77లో తలపెట్టి విడిచిపెట్టిన ఒక స్టార్ ట్రెక్ చిత్రమునకై కెన్ ఆడమ్, రాల్ఫ్ మెక్వారీ కలిసి త్రికోణాకారపు నౌకను ఊహించిరి. నలువది సంవత్సరముల తరువాత, 2017లో, 'డిస్కవరీ' అను ధారావాహికలోని నౌకకు అదియే మూలమైనది. 'స్టార్ వార్స్' చిత్రమునకు కోలిన్ కాంట్‌వెల్ గీసిన కథానాయకుని ఓడ అంతకుముందే వచ్చిన వేరొక ధారావాహికలోని నౌకను పోలియున్నదని ప్రక్కకు పోయెను. అయినను 1977లో ఆ చిత్రము మొదటి దృశ్యమున తరుమబడు ఓడగా తెరపై నిలిచినది.

విడిచిన చిత్తు ఎల్లప్పుడును తక్కువది కాదు. 1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' చిత్రములోని నౌకకు తొలుత పెద్ద పెద్ద పలకలు గీసిరి. అణుయంత్రము పుట్టించు వేడిని శూన్యములోనికి వదలుటకు అవి అవసరము. అంతరిక్షమున గాలి లేదు కనుక వేడి వికిరణము వలననే పోవలెను. దానికి వైశాల్యము గల పలక కావలెను. కాని అవి రెక్కలవలె కనిపించి, గాలి లేని చోట రెక్కలేల అని ప్రేక్షకుడు అడుగునని వానిని తీసివేసిరి. శాస్త్రము చిత్తులో నిలిచినది, తెరపై అందము నిలిచినది. కాగితముతో కట్టువాడు ఆ పలకలను తిరిగి అతికింపవచ్చును. మాకు ఈ పనిలో మిక్కిలి నచ్చిన సంగతి ఇదియే.

ఇక పనిలోనికి వత్తము. జెఫ్రీస్ బంతి నౌకను తీసికొందము. ముందు గోళము, ఒక చిన్న మెడ, వెనుక లావు గొట్టము, రెండు సన్నని గొట్టములు, వానిని మోయు పలకలు. ఇంతకంటె అందులో లేదు. మొదటి కష్టము చిత్రములోనే ఉన్నది. చిత్రకారుడు సాధారణముగా నౌకను ఒక మూల నుండి చూచినట్లు గీయును. మనకు కావలసినది పై నుండి, ప్రక్క నుండి, ఎదుట నుండి చూచిన మూడు సమతల చిత్రములు. బంతి ఎటు చూచినను బంతియే కనుక దాని వ్యాసమును కొలబద్దగా పెట్టుకొనుడు. గొట్టము మందము బంతిలో ఎంత వంతు, గొట్టము పొడవు ఎన్ని బంతులు అని లెక్కింపుడు. దూరము పోవుకొలది వస్తువు చిన్నదిగా కనిపించునన్నది మరువకుడు.

వెనుకవైపు చిత్రమున కనిపించదు. అచ్చట ఏమి చేయవలెను? తాళపత్ర ప్రతులను పరిష్కరించు పండితులు ఆకు చినిగిన చోట గ్రంథపాతమని గుర్తుపెట్టుదురు. తమ ఊహను చేర్చినచో కుండలీకరణములో చేర్చుదురు. మనమును అట్లే చేయవలెను. చిత్రములో ఉన్నదానిని నిండుగీతతోను, మన ఊహను చుక్కలగీతతోను గీయుడు. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషమును ఎఱ్ఱన పూరించినపుడు అతుకు తెలియనీయక పూరించెనని మెచ్చుకొందుము. కాని అది మహాకవి పని. మనము విద్యార్థులము. మన అతుకు తెలియవలెను. మా నమూనాలో లావు గొట్టపు వెనుక కొనను శంకువుగా సన్నము చేసితిమి. అది జెఫ్రీస్‌ది కాదు. కనుక ఆ భాగము చుక్కలగీతతోనే అచ్చైనది. క్రింద ఇచ్చు కొలతలును మా తరగతికి తగినట్లు ఏర్పరచుకొన్నవే.

కాగితము వంగును, సాగదు. ఈ ఒక్క మాటను గట్టిగా పట్టుకొన్నచో తక్కినదంతయు దాని నుండి వచ్చును. గొట్టమును నిలువుగా కోసి పరచినచో దీర్ఘచతురస్రము వచ్చును. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన పొరుగు ఆంధ్ర రాష్ట్రపు పుస్తకములు గొట్టపు ఆకారమును స్థూపమనును. ఆ పేరు వినగానే అమరావతి స్థూపము తలపునకు వచ్చును. అది గొట్టము కాదు, దాని పైభాగము అర్ధగోళముగా ఉండెడిది. కనుక ఈ పాఠమున గొట్టమనియే అందము. 30 మి.మీ. వ్యాసము గల గొట్టమునకు పట్టీ పొడవు 30 × 3.14, అనగా 94.2 మి.మీ. అంటించుటకు 6 మి.మీ. అంచు అదనము. మొత్తము 100.2 మి.మీ. 14 మి.మీ. వ్యాసము గల సన్నని గొట్టములకు అంచు కాక 44 మి.మీ. పట్టీలు రెండు.

శంకువును కోసి పరచినచో విసనకఱ్ఱ వంటి సెక్టరు వచ్చును. రేకుపనివాడు గరాటు చేయునపుడు చూడుడు. ముందు రేకును ఇట్లే కత్తిరించును. అడుగు వ్యాసార్ధమును ఏటవాలు ఎత్తుతో భాగించి 360తో గుణించినచో సెక్టరు కోణము వచ్చును. మన శంకువు అడుగు వ్యాసార్ధము 15, ఏటవాలు ఎత్తు 45. కోణము 120 డిగ్రీలు. నిలువు ఎత్తు ఎంతయన, 45 వర్గము నుండి 15 వర్గమును తీసివేయగా 1800. దాని వర్గమూలము 42.4 మి.మీ. బోధాయనుడు, పైథాగరస్ ఇద్దరును ఇచ్చట మనకు పనికివచ్చిరి.

గోళము మాత్రము లొంగదు. నారింజ తొక్కను ఒలిచి బల్లపై పరచుడు, చినుగకుండ పరచుకొనదు. గోళతలమును సాగదీయక, ముడత పడనీయక సమతలము చేయుట అసాధ్యమని 1827లో గౌస్ అను జర్మను గణితజ్ఞుని సిద్ధాంతము వలన తేలినది. అసాధ్యమైనచో ఏమి? సన్నని తొనలుగా కోసినచో, ఒక్కొక్క తొన ఇంచుమించుగా సమతలమగును. 1507లో వాల్డ్‌సీముల్లర్ భూగోళమును అచ్చువేసినపుడు 12 తొనలుగానే వేసెను. మనమును 12 తొనలే చేయుదము.

బంతి వ్యాసము 60 మి.మీ. పరిధి 188.4. దానిలో పండ్రెండవ వంతు 15.7 మి.మీ. ఇది తొన నడిమి వెడల్పు. తొన పొడవు ధ్రువము నుండి ధ్రువమునకు, అనగా పరిధిలో సగము, 94.2 మి.మీ. ఇక నడిమి నుండి పైకి పోవుకొలది వెడల్పు తగ్గవలెను. ఎంత తగ్గవలెనన్నది కొసైను చెప్పును. 30 డిగ్రీల అక్షాంశమున 15.7 × 0.866, అనగా 13.6 మి.మీ. 60 డిగ్రీల వద్ద సగము, 7.85. కొనలో సున్న. ఆ అక్షాంశములు నడిమి నుండి ఎంత దూరమున ఉండును? ఒక్కొక్క 30 డిగ్రీలకు పరిధిలో పండ్రెండవ వంతు, మరల అదే 15.7. ఈ బిందువులను గుర్తించి నున్నని వంపుగీతతో కలుపుడు. పండ్రెండు తొనలను నడుము వద్ద తాకునట్లు ప్రక్కప్రక్కన పేర్చినచో 188.4 మి.మీ. వెడల్పు, ఏ-4 కాగితపు 210 మి.మీ. వెడల్పులో ఇముడును. ఇదంతయు చేతితో గీయవచ్చును. కంప్యూటరున్నచో 'ఇంక్‌స్కేప్' అను ఉచిత సాధనముతో గీయవచ్చును. 'బ్లెండర్' అనునది నౌక ఆకృతిని తానే విప్పి పరచును. కాని మొదటి తొనను చేతితో గీయనివానికి యంత్రము పరచినది సరియో కాదో తెలియదు. కనుక మా తరగతిలో మొదటిది స్కేలు, వృత్తలేఖినితోనే.

పనిముట్ల పేర్ల విషయము కొంత చెప్పవలెను. మొదట పిల్లలు ప్రతిదానికి ఆంగ్లపదమే వాడిరి. తెలుగులో లేవనుకొనిరి. లేకేమి? గోళపు ముక్క తొన. పట్టీ చివర అంటించు భాగము అంచు. కత్తి వీపుతో సగము లోతు గీచు గీత గాటు. మడతలు రెండు రకములు: పైకి లేచునది, లోనికి దిగునది. రైతుబిడ్డలు వానికి గట్టుమడత, కాలువమడత అని పేర్లు పెట్టిరి. ఆ పేర్లే నమూనా కాగితముపై అచ్చువేసితిమి.

తల్లిదండ్రులు కొందరు మమ్ము అడుగుచుందురు: తెలుగులో చదివిన పిల్లవాడు రేపు ఇంజనీరింగు తరగతిలో ఏమి చేయునని. ఆ ప్రశ్నను మేము తేలికగా తీసికొనము. ఈ రాష్ట్రపు భాషయు కావలెను, ఆంగ్లమును కావలెను. ఏటేట తెలుగు తరగతిలో పిల్లలు తగ్గుచుండుటయు మేము చూచుచునే ఉన్నాము. కాని గరాటును విప్పినచో ఏమి వచ్చునో ఇంటిమాటలో గ్రహించినవాడు దాని పరభాషా నామమును ఒక్కనాటిలో నేర్చును. నామమును మాత్రము నేర్చినవానికి గరాటు ఎన్నటికిని విప్పుకొనదు. మీ పిల్లవాడు కట్టిన నౌకను చేతికి తీసికొని, ఆ శంకువు కోణము ఎట్లు వచ్చినదని అడిగి చూడుడు. అతడు చెప్పలేకపోయినచో మాకు తెలియజేయుడు.

అచ్చువేయుటలో ఒక మోసము కలదు. చాల ప్రింటర్లు చెప్పకుండనే పుటను కొంత కుదించును. జిరాక్సు అంగడిలో 'వంద శాతము' అని అడిగి వేయించుడు. ప్రతి పుట మూలను 50 మి.మీ. గీత ఒకటి గీసియుంచి, అచ్చు వచ్చిన తరువాత కొలువుడు. అది 48 ఉన్నచో అంతయు 96 శాతమునకు తగ్గినదన్నమాట. పుటలన్నియు ఒకే విధముగా తగ్గినచో నష్టము లేదు, చిన్న నౌక వచ్చును. తొనలు ఒక అంగడిలో, గొట్టములు వేరొక అంగడిలో వేయించినచో మాత్రము అతుకులు కలియవు.

కాగితము 160 నుండి 200 గ్రాముల కార్డు మేలు. వస్త్రమునకు పడుగు పేకలున్నట్లు కార్డునకును పోగు కలదు. అటునిటు వంచి చూచి, సులభముగా వంగు దిక్కున గొట్టమును చుట్టుడు. కార్డు మందమును లెక్కలోనికి తీసికొనవలెను. పావు మి.మీ. మందము గల కార్డుతో ఒక గొట్టముపై మరియొకటి తొడుగవలెనన్నచో, పై గొట్టపు వ్యాసము అర మి.మీ., పట్టీ పొడవు 1.57 మి.మీ. పెరుగవలెను. దీనిని విడిచినవారి గొట్టము దూరక చినుగును. మైదాపిండి జిగురు వలదు, తడికి కార్డు ఉబ్బును. తెల్లని ఫెవికాల్ పుల్లతో పలుచగా రాయుడు. ముందు బంతి కట్టుడు, అది ఆరులోపల గొట్టములు చుట్టుకొనుడు. సన్నని గొట్టములను మోయు పలకలు అన్నిటికంటె కడపట.

నమూనాపై జెఫ్రీస్ పేరు తప్పక వ్రాయుడు. ఈ రూపములు పరుల సొత్తు. నేర్చుకొనుటకు కట్టుకొందము, అమ్ముకొనరాదు.

వలయముల నౌకను మీకే విడుచుచున్నాము. వెలుపలి వలయపు వ్యాసము 90 మి.మీ., వెడల్పు 10 మి.మీ., అంటించు అంచు 6 మి.మీ. ఏ-4 కాగితపు పొడవు 297 మి.మీ.; ప్రింటరు రెండు చివరలను 5 మి.మీ. చొప్పున ఖాళీ విడుచును. పట్టీ ఒకే ముక్కగా అచ్చగునా? కానిచో ఏమి మార్చెదరు? రెండవ లెక్క: అర్ధవృత్తమును చుట్టినచో వచ్చు శంకువులో ఏటవాలు ఎత్తునకు, అడుగు వ్యాసార్ధమునకు గల సంబంధమేమి? సమాధానములను లెక్కతో సహా, తెలుగులో వ్రాసి, తరగతి పెట్టెలో వేయుడు.