ముందు తేదీ, తర్వాత ధర

కనకమ్మ సత్రంలో తెల్లారకముందే తిరువళ్లూరు బస్సెక్కి పనికి పోయే మనిషికి షిఫ్టు మారిందన్న కబురు, జీతం పడిన మెసేజీ, టీ కొట్లో యూపీఐ అన్నీ ఫోన్‌లోనే. అది మధ్యాహ్నానికే ఆరిపోతే చేతులు కట్టేసినట్టే. అలాగని ఆ విసుగులో ఈఎంఐ మీద కొత్తది కొనడం, ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

శ్రీపెరుంబుదూరులో నోకియా ఫ్యాక్టరీ 2006లో మొదలై 2014 నవంబరులో మూతపడింది. ఆనాటి బటన్ ఫోన్ బ్యాటరీ మారిస్తే మళ్లీ లేచి కూర్చునేది. ఇప్పటి ఫోన్‌కు ఆయుష్షు రెండు రకాలు. ఒకటి వస్తువుది, రెండోది సాఫ్ట్‌వేర్‌ది. మొదటిదాన్ని రిపేరు షాపులో పెంచుకోవచ్చు. రెండోది కంపెనీ చేతిలో ఉంటుంది.

అందుకే ముందు సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ తెరిచి, సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూడండి. అది ఈమధ్యదైతే ఫోన్‌ను బతికించుకోవచ్చు. ఏడాది దాటినా కొత్త అప్‌డేట్ రాకపోతే, బ్యాంకు పనులు అందులో చేయడం తాళం పాడైన బీరువాలో డబ్బు దాచడం లాంటిది. ఆ తర్వాత ఒక్కో యాప్ కూడా మొహం చాటేస్తుంది. 2014లో వచ్చిన ఐఫోన్ 6లో 2025 మేలో వాట్సాప్ ఆగిపోయింది.

తేదీ బాగుంటే రోగం ఎక్కడుందో చూద్దాం.

చార్జింగ్ నిలవకపోతే: లిథియం బ్యాటరీ వాడేకొద్దీ అరుగుతుంది. సుమారు 500 పూర్తి చార్జింగుల తర్వాత చాలావాటి సామర్థ్యం 80 శాతానికి పడిపోతుంది. బ్యాటరీ మారిస్తే చాలు. ఫోన్ వెనక భాగం ఉబ్బితే మాత్రం ఆ క్షణమే చార్జింగ్ ఆపి షాపుకు తీసుకెళ్లండి.

నెమ్మదిస్తే: స్టోరేజీ నిండిందేమో చూడండి. వాట్సాప్ గ్రూపుల వీడియోలు తీసేసి, వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా ఆపండి.

అప్‌డేట్ వచ్చి ఉంటే: షిఫ్టుకు బయల్దేరే ముందు మొదలుపెట్టకండి. సెలవు రోజున, ఫొటోలు, నంబర్లు బ్యాకప్ చేసుకుని, చార్జర్ తగిలించి చేయండి.

స్క్రీనూ బ్యాటరీ రెండూ పోయి, రిపేరు ఖర్చు అలాంటి ఫోన్ ధరలో సగం దాటితే ఇక మార్చడమే మేలు. కొనేటప్పుడు కెమెరా కంటే ముందు ‘అప్‌డేట్లు ఎన్నేళ్లు?’ అని అడగండి. 2024లో వచ్చిన గెలాక్సీ ఎస్24కు శాంసంగ్ ఏడేళ్ల మాట ఇచ్చింది. చవక మోడళ్లకు ఇది తగ్గుతుంది. పైగా లెక్క మీరు కొన్న రోజు నుంచి కాదు, మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి. రెండేళ్ల కిందటి మోడల్ డిస్కౌంటులో దొరికితే, ఆ రెండేళ్లూ అప్పుడే ఖర్చయిపోయినట్టు. సెకండ్ హ్యాండ్‌దైతే *#06# నొక్కితే కనిపించే 15 అంకెల ఐఎంఈఐ నంబరును ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో సరిచూశాకే డబ్బివ్వండి. లేకపోతే దొంగ ఫోన్ అంటగట్టవచ్చు.

కొత్త ఫోన్‌లో సిమ్ వేసి, యూపీఐ మళ్లీ నమోదు చేసి, ఒక్క రూపాయి పంపి చూశాకే పాతదాన్ని వదలండి. అమ్మే ముందు గూగుల్ ఖాతా తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.

కొన్న రోజే బిల్లు వెనక అప్‌డేట్లు ఆగే సంవత్సరం రాసిపెట్టుకోండి. అప్పటిదాకా నెలకింత దాస్తే, తర్వాతి ఫోన్ ఈఎంఐ వడ్డీ లేకుండా మనకు మనమే కట్టుకున్నట్టు.